ఇరవైన జీఎస్టీ, ఇరవై ఒకటిన పరీక్ష

పాలమూరు జిల్లాల్లో సొంత టెక్నాలజీ వ్యాపారం నడుపుతూనే పీజీ చదవాలనుకునేవాళ్లకు దారులు ఎన్ని? ఏ దారి ఎటు పోతుంది?

కంపెనీ నడిపేవాళ్ల నెల తారీఖుల మీద నడుస్తుంది. ఒకటిన జీతాలు. ఏడున టీడీఎస్. పదకొండున అమ్మకాల లెక్క, ఇరవైన జీఎస్టీ 3బీ. చిన్న వ్యాపారులు రిటర్నులు మూడు నెలలకోసారి వేసుకోవచ్చు గానీ పన్ను మాత్రం నెలనెలా కట్టాల్సిందే. విశ్వవిద్యాలయాలకూ ఒక క్యాలెండర్ ఉంది. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, సెమినార్, సెమిస్టర్ పరీక్షలు. ఈ రెండు క్యాలెండర్లు రాసినవాళ్లు ఎన్నడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు లేదు. రెండిటినీ ఒకే గోడకు తగిలించుకుని బతకాలనుకునేవాళ్ల గురించే ఈ కథనం.

టెక్నాలజీ వ్యాపారి అనగానే మాదాపూర్‌లో అద్దాల మేడ, అందులో ఏసీ గది కళ్లముందు మెదులుతాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల బజార్లలో ఆ మనిషి వేరే తీరుగా కనిపిస్తాడు. ప్రైవేటు బడులకు ఫీజుల సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్లు, దుకాణాలకు సీసీ కెమెరాలు బిగించేవాళ్లు, ఇంట్లో కూర్చునే బోరు మోటారు వేసుకునేలా ఫోన్ స్టార్టర్లు అమర్చేవాళ్లు, గద్వాల చీరల్ని ఫోన్‌లో చూపించి దేశమంతా అమ్మేవాళ్లు, వరిమళ్లకు, పత్తిచేలకు డ్రోన్‌తో మందు కొట్టేవాళ్లు. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు కొలువు చేసి, ఊరికొచ్చి ఇలాంటిదేదో మొదలుపెట్టడం ఇక్కడ ఇప్పుడు వింతేం కాదు. వ్యాపారం కాస్త కుదురుకున్నాక పీజీ చేస్తానంటేనే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. "ఇంకేం సదువు బిడ్డా, దుకాణం ఎవరు సూస్తరు?" అని పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలో ఎకసెక్కం ఏమీ లేదు. అది నిజమైన ప్రశ్న. యజమాని వారానికి రెండు రోజులు లేకపోతే మూతపడే వ్యాపారాలే ఇక్కడ ఎక్కువ.

మన పెద్దల తరానికి ఈ చిక్కు లేదు. వాళ్ల వరస వేరు. ముందు చదువు, తర్వాత కొలువు, ఆ తర్వాతే వ్యాపారం. కల్లం అంజిరెడ్డి పుణేలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో డాక్టరేట్ ముగించుకుని, ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. బీవీఆర్ మోహన్‌రెడ్డి కాకినాడలో ఇంజినీరింగ్, ఐఐటీ కాన్పూర్‌లో ఒక పీజీ, మిషిగన్‌లో మరొకటి చదివి, ఉద్యోగాలు చేసి, నలభై ఏళ్లు వచ్చాక 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ మొదలుపెట్టారు. ఇవాళ్టి సైయెంట్ అదే. ఆ వరసలో ఒక నిదానం ఉంది, ఒక భద్రత ఉంది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లకే కంపెనీ రిజిస్టర్ చేసేవాళ్లు ఆ వరస తలకిందులు చేశారు. వ్యాపారం ముందొచ్చింది, చదువు వెనకపడింది. వెనకపడ్డ చదువును మధ్యదారిలో అందుకోవాలి.

సియాటిల్ నుంచి షికాగోకు

రెండు పనులూ కలిపి చేసినవాళ్లలో మనవాళ్లందరికీ తెలిసిన పేరు సత్య నాదెళ్ల. అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న కుటుంబం, తండ్రి బి.ఎన్. యుగంధర్ ఐఏఎస్ అధికారి. విస్కాన్సిన్-మిల్వాకీ విశ్వవిద్యాలయంలో 1990లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ ముగించి, సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. అప్పటికే షికాగో విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూల్లో పూర్తికాలం ఎంబీఏకు సీటు వచ్చి ఉంది. ఉద్యోగమూ వదల్లేదు, సీటూ వదల్లేదు. పార్ట్‌టైం కోర్సుకు మారి, శని ఆదివారాలు సియాటిల్ వైపు నుంచి షికాగోకు విమానంలో వెళ్లి పాఠాలు విని, 1997లో పట్టా తీసుకున్నారు. ఆ రెండు ఊళ్ల మధ్య దాదాపు 2,800 కిలోమీటర్లు.

ఈ కథ చెప్పి "చూశావా, పట్టుదల ఉంటే.." అని ముగించడం మన కోచింగ్ సెంటర్ల అలవాటు. నాకైతే అందులో పట్టుదలతో పాటు జీతం కూడా కనిపిస్తుంది. నాదెళ్ల అప్పుడు ఉద్యోగి. ఆయన షికాగోలో పాఠం వింటున్న శనివారం మైక్రోసాఫ్ట్ ఆగిపోదు, నెల తిరిగేసరికి జీతమూ ఆగదు. అచ్చంపేటలో పదిమంది కుర్రాళ్లతో కంపెనీ నడిపే మనిషికి ఆ రెండు హామీలూ లేవు. కాబట్టి ఆయన కథ స్ఫూర్తికి పనికొస్తుంది గానీ నమూనాకు పనికిరాదు. నమూనా కావాలంటే మన నేలకు దగ్గరగా మరొకటుంది.

ఊరి కష్టం, పరాయి తరగతి

ఖేతీ అనే సంస్థ పేరు 2022 డిసెంబరులో ప్రపంచమంతా వినబడింది. బ్రిటన్ యువరాజు విలియం నెలకొల్పిన ఎర్త్‌షాట్ పురస్కారాన్ని ఆ ఏడాది బోస్టన్‌లో అందుకున్న ఐదింటిలో అదొకటి. బహుమతి పది లక్షల పౌండ్లు. హైదరాబాద్ కేంద్రంగా తెలంగాణ చిన్న రైతులతో పనిచేసే సంస్థ అది. వాళ్లు తయారుచేసింది 'గ్రీన్‌హౌస్ ఇన్ ఎ బాక్స్'. సన్నకారు రైతు తన పొలంలో ఒక మూలకు వేసుకోగల చిన్న, చవక పందిరి. ఎండను, పురుగును ఆపే వలలు, లోపల డ్రిప్, దాంతోపాటు విత్తనం, సలహా, బ్యాంకు అప్పు దొరికేలా సాయం.

ఈ సంస్థ పుట్టుక మన విషయానికి అచ్చంగా సరిపోతుంది. వ్యవస్థాపకుల్లో ఒకరైన సత్యరఘు మొక్కపాటి చార్టర్డ్ అకౌంటెంట్ కొలువు వదిలి సేద్యం వైపు వచ్చారు. కౌశిక్ కప్పగంతులతో కలిసి రైతుల మధ్య పనిచేసిన అనుభవం అంతకుముందే ఉంది. కౌశిక్ ఆ అనుభవంతోనే అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కెలాగ్ స్కూల్లో ఎంబీఏకు వెళ్లారు. సౌమ్య, ఆయుష్ శర్మ కూడా తోడయ్యారు. 2015లో ఆ చదువు వాతావరణంలోనే ఖేతీ రూపం పోసుకుంది. మామూలు గ్రీన్‌హౌస్ లక్షల్లో పని. ఎకరాల లెక్కన వేస్తేనే గిట్టుబాటు. రెండెకరాల రైతుకు అది సినిమాలో చూసే వస్తువు. దాన్ని ఎంతవరకు కుదించవచ్చు, ఏది తీసేసినా పంట నిలుస్తుంది, అప్పు తీరడానికి ఎన్ని కోతలు కావాలి అన్న ప్రశ్నలు తెలంగాణ చేలల్లో పుట్టాయి. వాటిని పరాయి దేశంలో బల్లమీద పెట్టి, ఇంజినీర్లు, డిజైన్ తెలిసినవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు కలిసి విప్పారు. జవాబు మళ్లీ ఈ చేలకే వచ్చింది.

పురస్కారం ఇచ్చినవాళ్ల మాటల్లో ఈ పందిరి కింద నీళ్లు 98 శాతం దాకా తక్కువ పడతాయి, దిగుబడి ఏడింతల దాకా పెరుగుతుంది, మామూలు గ్రీన్‌హౌస్ కంటే 90 శాతం చవక. 'దాకా' అన్న మాటను రైతు ఎప్పుడూ జాగ్రత్తగానే వినాలి, అది బాగా కుదిరిన చోటి లెక్క. 2022 నాటికి వెయ్యి పొలాల్లో ఈ పందిళ్లు లేచాయి. 2027కు యాభై వేల మంది రైతులను చేరాలన్నది అప్పుడు పెట్టుకున్న గురి.

నాకు ఇందులో ముఖ్యంగా తోచేది బహుమతి కాదు, బరువు ఎటుందన్నది. చాలామంది పీజీకి వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లి, అక్కడ ప్రాజెక్టు ఏం చేయాలో గైడును అడుగుతారు. గైడు ఏదో పాత డేటాసెట్ చేతిలో పెడతాడు. పువ్వుల ఫొటోలు వర్గీకరించడమో, అమెరికాలో ఇళ్ల ధరలు అంచనా వేయడమో. రెండేళ్లు గడుస్తాయి, పట్టా వస్తుంది, ఆ థీసిస్ మళ్లీ ఎవరూ తెరవరు. వ్యాపారం చేస్తూ చదివేవాళ్లకు ఈ దరిద్రం అక్కర్లేదు. కస్టమరు రోజూ తిట్టే తిట్టే వాళ్ల పరిశోధనాంశం.

తరగతిలో పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డ?

ఇక్కడో మెలిక ఉంది. చదువుకుంటూ కనిపెట్టినదాని మీద హక్కు ఎవరిది? లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ విద్యార్థులుగా ఉన్నప్పుడు వెబ్‌పేజీలకు విలువ కట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతి కనిపెట్టారు. ఆ పేటెంటు స్టాన్‌ఫర్డ్ పేరు మీద ఉంది. 1998లో గూగుల్ కంపెనీ పెట్టాక దాన్ని వాడుకునే హక్కుకు బదులుగా విశ్వవిద్యాలయానికి సుమారు 18 లక్షల షేర్లు ఇచ్చారు. వాటిని స్టాన్‌ఫర్డ్ 2005లో అమ్మేసరికి 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. పేజ్, బ్రిన్ మాత్రం డాక్టరేట్లు పూర్తి చేయనేలేదు. చదువూ వ్యాపారమూ రెండూ పట్టుకున్నవాళ్లలో చదువును వదిలేసినవాళ్లే ఎక్కువ ప్రసిద్ధులు కావడం మన తల్లిదండ్రులకు రుచించని నిజం.

మన దగ్గర ఏఐసీటీఈ 2019లో తెచ్చిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం ఈ హక్కుల సంగతి కాస్త తేల్చింది. కాలేజీ ల్యాబు, డబ్బు, పాఠ్యాంశం వాడుకుని చేసినదైతే హక్కుల్లో కాలేజీకి భాగముంటుంది. కాలేజీ ఇంక్యుబేటర్‌ను వాడుకుంటే కంపెనీలో 2 నుంచి 9.5 శాతం దాకా వాటా తీసుకోవచ్చు. కోర్సుకు బయట, కాలేజీ వనరులు ముట్టకుండా సొంతంగా చేసినదైతే అది పూర్తిగా విద్యార్థిదే. స్టార్టప్ కోసం ఒక సెమిస్టరో, ఏడాదో చదువుకు విరామం తీసుకునే వీలు కూడా ఆ విధానంలో ఉంది. ఇది చదివాక ఒక జాగ్రత్త తట్టాలి. పీజీలో చేరకముందే మీ సాఫ్ట్‌వేర్ ఏ స్థితిలో ఉందో తారీఖులతో రాసి పెట్టుకోవాలి. చేరిన తర్వాత ల్యాబులో కలిపినది ఏదో, అంతకుముందున్నది ఏదో రేపు ఎవరైనా అడిగితే చూపించగలగాలి. నాగర్‌కర్నూల్‌లో పెట్టుబడిదారు ఎవరొస్తారులే అనుకోవచ్చు. వచ్చినవాడు మొదట అడిగేది అదే కాగితం.

ఉన్న తలుపులు

సరే, ఇక్కడివాళ్లకు తెరిచి ఉన్న తలుపులేవి? మొదటిది పాతది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలై, దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయమై, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్నది. డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లు, ఆదివారం తరగతులు. దుకాణం వారమంతా నడిపేవాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. ఎంబీఏ చేయాలనుకునేవాళ్లకు బాగానే పనికొస్తుంది. సాంకేతిక పీజీకి అది చాలదు.

రెండోది బిట్స్ పిలానీ 1979 నుంచి నడుపుతున్న, పనిచేస్తూ చదివే పథకం. ఎంటెక్ దాకా ఉంది, పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌లో. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు పార్ట్‌టైంగా పీజీ చేసే పథకముంది, కాకపోతే క్లాసుకు క్యాంపస్‌కు వెళ్లగలగాలి. ఐఐటీ హైదరాబాద్‌లో డేటా సైన్స్‌లో ఉద్యోగుల కోసం వారాంతపు ఎంటెక్ నడిచింది, సాంకేతిక వ్యాపార దక్షత మీద ప్రత్యేకంగా ఎంటెక్ కూడా పెట్టారు. కుటుంబ వ్యాపారాల వారసుల కోసం గచ్చిబౌలి ఐఎస్‌బీలో ఒక కోర్సుంది, కొన్ని వారాలకోసారి వెళ్లి కొద్దిరోజులుండి తిరిగొచ్చేలా. దాని ఫీజుతో వనపర్తిలో ఇంకో బ్రాంచి తెరవచ్చు, అది వేరే మాట.

మూడోది ఇళ్లకు దగ్గర్లో, 2008లో మహబూబ్‌నగర్‌లో వెలిసిన పాలమూరు విశ్వవిద్యాలయం. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో దానికి పీజీ కేంద్రాలున్నాయి. వనపర్తిలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. ఆ ఊరికి సాంకేతిక విద్య కొత్త కాదు. వనపర్తి సంస్థానాధీశులు తమ రాజభవనాన్ని చదువుకిచ్చేస్తే, 1959లో అందులో పాలిటెక్నిక్ మొదలైంది, ప్రారంభించింది నెహ్రూ. రాజా కృష్ణదేవరావు పేరున కేడీఆర్ పాలిటెక్నిక్‌గా ఇప్పటికీ నడుస్తోంది.   

నాలుగోది ఇంట్లోంచి కదలక్కర్లేని ఎన్‌పీటెల్, స్వయం కోర్సులు. ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా వినొచ్చు, పరీక్షకు మాత్రం రుసుము కట్టి కేంద్రానికి వెళ్లాలి. పీజీకి ముందు మన ఓపిక ఎంతో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. పన్నెండు వారాల కోర్సులో ప్రతి వారం అసైన్‌మెంటు వేళకు పెట్టలేనివాళ్లు ఎంటెక్ ఫీజు కట్టకపోవడమే మంచిది.

దొడ్డిదారుల సంగతి కూడా చెప్పి తీరాలి. ఫోన్ చేసి "సార్, ఆన్‌లైన్‌లో పీహెచ్‌డీ, రెండేళ్లలో అయిపోద్ది" అనేవాళ్లున్నారు. ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులోనే బహిరంగంగా చెప్పాయి. 'ఎగ్జిక్యూటివ్' అన్న పేరున్న ప్రతి సర్టిఫికెట్టూ డిగ్రీ కాదు. విజిటింగ్ కార్డు మీద రెండక్షరాల కోసమే అయితే డబ్బు దండగ.

తనకు తానే అభ్యంతరం లేదని

నిబంధనలన్నీ ఉద్యోగిని మనసులో పెట్టుకుని రాసినవే. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు పార్ట్‌టైం పరిశోధనకు తలుపు బాహాటంగా తెరిచాయి. మంచిదే. దానికో షరతు పెట్టాయి. అభ్యర్థి పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. అందులో మూడు మాటలుండాలి: ఇతను పార్ట్‌టైంగా చదవడానికి అనుమతిస్తున్నాం, పరిశోధనకు సరిపడా తీరిక ఇతని విధుల్లో దొరుకుతుంది, కోర్సు వర్క్‌కు అవసరమైతే విధుల నుంచి విడుదల చేస్తాం. బిట్స్ పథకంలోనూ యజమాని సమ్మతి పత్రం, పనిచేసేచోట ఒక మెంటార్ సంతకం ఆనవాయితీ.

సొంత కంపెనీ ఉన్నవాడు ఏం చేయాలి? తన లెటర్‌హెడ్ మీద తానే టైపు చేసి, తనకు అభ్యంతరం లేదని తానే సంతకం పెట్టి, తన ముద్ర తానే వేసుకోవాలి. నవ్వొచ్చే పనే. రెండో వాక్యం దగ్గరకొచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోతుంది. సరిపడా తీరిక దొరుకుతుందని ఏ వ్యాపారి గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలడు? ఈ కాగితాన్ని లాంఛనంగా కాక నిజంగా రాసి చూడమంటాను. ఎవరికి ఏ పని అప్పగిస్తున్నారో, కోర్సు వర్క్ నెలల్లో కస్టమర్ల ఫోన్లు ఎవరెత్తుతారో ఆ కాగితం వెనకవైపు రాయగలిగితే చేరిపోవచ్చు. రాయలేకపోతే ముందు ఒక మనిషిని పెట్టుకోవాలి, తర్వాత సీటు వెతుక్కోవాలి.

గడువు విషయంలో ఆ నిబంధనలు ఉదారంగానే ఉన్నాయి. కోర్సు వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన విశ్వవిద్యాలయం ఇష్టపడితే ఇంకో రెండేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, ప్రసూతి, శిశు సంరక్షణకు 240 రోజుల దాకా సెలవు. మహిళల స్టార్టప్‌ల కోసం 2018 మార్చి 8న హైదరాబాద్‌లో వీ హబ్ మొదలయ్యాక జిల్లాల నుంచి ఆడపిల్లలు వ్యాపారంలోకి రావడానికి ఒక చిరునామా దొరికింది. వ్యాపారం, పిల్లలు, పరిశోధన మూడూ ఒకే చేత్తో చేసే ఆవిడకు ఆ రెండేళ్ల సడలింపు దానమేమీ కాదు.

దూరం సంగతి ఇంకోటి. 2016 అక్టోబరు 11న జిల్లాగా ఏర్పడిన నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలు లేదు. హైదరాబాద్ పోవాలంటే బస్సో, కారో. గద్వాలవాళ్లకు రైలుంది, వనపర్తివాళ్లు మదనాపురం దగ్గర రోడ్ స్టేషన్‌కు పోవాలి. ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో తొమ్మిది గంటల క్లాసుకు అందుకోవాలంటే అచ్చంపేటవాళ్లు తెల్లవారుజామునే లేవాలి. ఉద్యోగుల కోసం ఏఐసీటీఈ 2023-24లో ఇంజినీరింగ్ కాలేజీల్లో సాయంత్రం తరగతులకు అనుమతిచ్చినప్పుడు, పనిచేసే చోటు కాలేజీకి 50 కిలోమీటర్లలోపు ఉండాలన్న షరతు పెట్టింది. నగరంలో యాభై కిలోమీటర్లలో యాభై కాలేజీలు దొరకొచ్చు. నల్లమల అంచున కూర్చున్నవాళ్లు అదే యాభై కిలోమీటర్లు గీత గీసి చూస్తే ఎక్కువ భాగం అడవి, కృష్ణమ్మ. ఆన్‌లైన్ ఉందిగా అంటారు. అమ్రాబాద్ దాటితే కొన్ని చెంచు గూడేల్లో ఫోనే మోగదు.

అడగాల్సిన ప్రశ్న పక్కనే ఉంది

ఇంతదాకా చెప్పినదంతా ఎక్కడ చదవాలన్నది. ఏం చదవాలన్నదే నాకు పెద్ద సంగతిగా తోస్తుంది. ఈ మూడు జిల్లాల టెక్నాలజీ వ్యాపారుల్లో ఎవరిని కదిలించినా కృత్రిమ మేధ, డేటా సైన్స్ అంటారు. తప్పేం లేదు, కాకపోతే వాటిలో ఆరితేరినవాళ్లు గచ్చిబౌలిలో గల్లీకి వందమంది ఉన్నారు. వాళ్లకు లేనిది, మనకున్నది ఏంటి?

గద్వాల నడిగడ్డలో, కృష్ణా తుంగభద్రల మధ్య, ఏటా పత్తి విత్తనం పండుతుంది. దేశంలో పెద్ద విత్తన పత్తి ప్రాంతాల్లో అదొకటి. ఆ సేద్యం మామూలు పత్తిలా ఉండదు. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గల్లోంచి కేసరాలు చేత్తో తీసేయాలి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి రుద్దాలి. క్రాసింగ్ అంటారు. సీజనంతా రోజూ, మొక్క మొక్కకూ మనిషి చెయ్యి పడాల్సిందే. కంపెనీకి, రైతుకు మధ్య ఆర్గనైజర్లు. విత్తనం అప్పజెప్పాక మొలక శాతం, జన్యు స్వచ్ఛత పరీక్షలు. ఫలితం నెలల తర్వాత వస్తుంది. ఫెయిలైంది అంటే ఎక్కడ పొరపాటు జరిగిందో రైతు దగ్గర రుజువుండదు. ఏ మడిలో ఏ రోజు ఎన్ని పూలకు క్రాసింగ్ జరిగింది, పొరుగు చేను ఎంత దూరంలో ఉంది, కేసరం తీయకుండా మిగిలిన పువ్వులను ఫోన్ కెమెరా పసిగట్టగలదా? వీటిలో ఏ ఒక్కటైనా పూర్తి ఎంటెక్ థీసిస్‌కు సరిపోతుంది. పైగా దానికి కొనుక్కునేవాడు ముందే సిద్ధంగా ఉన్నాడు. రైతు దగ్గర డబ్బు లేకపోతే కంపెనీ కొంటుంది.

కొల్లాపూర్ మామిడి ఉంది. పూత చూసి తోట గుత్తకు మాట్లాడుకునే వ్యాపారికి, అమ్మే రైతుకు మధ్య ఉన్నదంతా అంచనాయే, ఆ అంచనాలో ఎప్పుడూ గెలిచేది అనుభవమున్న వ్యాపారి. డ్రోన్ ఫొటోలతో పూత లెక్కగట్టి, అందులో ఎంత పిందె నిలుస్తుందో చెప్పగల పద్ధతి వస్తే బేరంలో రైతు వైపు తక్కెడ కాస్త మొగ్గుతుంది. శ్రీశైలం వెనక జలాల్లో చేపలున్నాయి.

వీటన్నిటికీ చదువు చెప్పే ఇళ్లు కూడా ఇక్కడే ఉన్నాయన్నది మనం మరిచిపోతాం. పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, వ్యవసాయ కళాశాల. పాలెం సుబ్బయ్య లాంటి ఒక మనిషి పట్టుబట్టి పల్లెటూరికి చదువులు తెచ్చిన చోటు అది. అక్కడ పుట్టిన ఆముదం సంకరం పీసీహెచ్-111 పేరులో మొదటి అక్షరం ఆ ఊరిదే. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల. పెబ్బేరులో మత్స్య కళాశాల. నలభై, యాభై కిలోమీటర్ల మధ్య ఇన్ని రకాల నేల చదువులున్న చోట్లు తెలంగాణలో ఎన్నో లేవు. పాలెంలో శాస్త్రవేత్తకు పంట తెలుసు, కోడ్ రాయడానికి మనిషి లేడు. బజార్లో కుర్రాడికి కోడ్ తెలుసు, పంటలో ఏది కొలవాలో తెలియదు. ఇద్దరూ ఒకే బస్టాండులో టీ తాగుతారు.

వీళ్లను కలపడానికి అడ్డం వచ్చేది అర్హత. బీఎస్సీ అగ్రికల్చర్ లేనిదే ఎమ్మెస్సీ అగ్రికల్చర్ సీటు రాదు, బీటెక్ కంప్యూటర్స్ చదివినవాళ్లు అటువైపు తొంగి చూడలేరు. దీనికి 2022 యూజీసీ నిబంధనల్లోనే ఒక సందు ఉంది, దాన్ని వాడుకున్నవాళ్లు తక్కువ. పీహెచ్‌డీకి ఒక గైడుతోపాటు వేరే సంస్థ నుంచి కో-గైడును పెట్టుకోవచ్చు. జేఎన్టీయూలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యుడు గైడు, పాలెంలోనో మోజెర్లలోనో శాస్త్రవేత్త కో-గైడు. పార్ట్‌టైం. పరిశోధన క్షేత్రం తన కస్టమర్ల పొలాలు. అప్పుడు వారం వారం హైదరాబాద్ పరుగులు తగ్గుతాయి, ల్యాబు పని సగం ఇంటిపక్కనే అయిపోతుంది, వానాకాలం డ్రోన్ పనులు జోరుగా ఉన్న నెలలే డేటా సేకరణ నెలలవుతాయి. చదువు క్యాలెండరూ వ్యాపారం క్యాలెండరూ కలిసే చోటంటూ ఉంటే అదొక్కటే.

దీనికి కొత్త విశ్వవిద్యాలయం అక్కర్లేదు, కొత్త జీవో కూడా అక్కర్లేదు. రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఒప్పందం, రెండు పేజీల సినాప్సిస్, కో-గైడుగా ఉంటానని ఒప్పుకునే ఒక శాస్త్రవేత్త చాలు. దరఖాస్తు నింపడానికి ముందే ఆ శాస్త్రవేత్తను కలవాలి, చేతిలో మీ కస్టమర్లు పెట్టిన ఫిర్యాదుల పుస్తకంతో. నాగర్‌కర్నూల్ నుంచి పాలెం ఎంతో దూరం లేదు, పనిదినాల్లో ఏ పొద్దున వెళ్లినా ఎవరో ఒకరు దొరుకుతారు.